దుకాణంలో రిజర్వేషన్ ఉంది, ఆసుపత్రిలో మంచం లేదు

మా ఊళ్లో బ్రాందీ షాపు పెట్టాలంటే మా గ్రామసభ ఒప్పుకోవాలట. ఏజెన్సీ కదా, పెసా చట్టం ఉంది కదా. అందుకని ఆఫీసర్లు జీపేసుకుని వస్తారు. తీర్మానం ముందే టైపు చేసి తెస్తారు. ఇక్కడ సంతకం, అక్కడ వేలిముద్ర అంటారు. వాగు పొంగిన రోజు మా ఊరికి అంబులెన్సు రాదు గానీ, ఆ కాగితం మాత్రం ఎట్లనో వస్తుంది.

అట్లాంటి ఒక సభలో మా ముసలమ్మ ఒకామె లేచి నిలబడింది. "షాపు పెట్టనీకి మమ్మల్ని అడుగుతున్నరు, మంచిదే సారూ. తాగి తాగి చేతులు వణుకుతున్న నా కొడుకును ఏడికి తీస్కపోవాల్నో అది గూడ ఆ కాగితంల రాయుండ్రి" అన్నది. వచ్చినాయన నవ్వాడు. "అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా" అన్నాడు.

అయితే అది ఎవరి డిపార్ట్‌మెంట్? ఆ రోజు నుంచి మేం ఇదే అడుగుతున్నాం. ఈ వ్యాసంలో కూడా అడుగుతున్నది ఇదే.

ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం. డబ్బు లేదన్న మాటే మాకు మొదట వినిపిస్తుంది కాబట్టి.

2023లో తెలంగాణలో మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు. షాపు వచ్చినా రాకపోయినా ఆ 2 లక్షలు తిరిగి ఇవ్వరు. కేవలం ఆ దరఖాస్తు ఫీజు మీదనే ప్రభుత్వానికి 2,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. ఒక్క సీసా మూత తీయకముందే వచ్చిన డబ్బు ఇది. రాష్ట్రంలోని 12,700 పైచిలుకు గ్రామ పంచాయతీలకు ఆ డబ్బును సమానంగా పంచితే ఒక్కో పంచాయతీకి 20 లక్షలు వస్తుంది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ తీసింది. అక్కడ కూడా ఫీజు 2 లక్షలే. దరఖాస్తుల మీద దాదాపు 1,800 కోట్లు వచ్చింది. ఆ తర్వాత 99 రూపాయలకే క్వార్టర్ అని గొప్పగా చెప్పుకున్నారు. లైసెన్సు ఫీజు, ఎక్సైజ్ సుంకం, వ్యాట్ ఇవన్నీ దీనికి అదనం.

ఈ డబ్బులో మా కూలీ ఉంది. తునికాకు కట్టల డబ్బు ఉంది, మిరప తోటల్లో వంగిన నడుముల డబ్బు ఉంది, పోడు పత్తి అమ్మిన డబ్బు ఉంది. మా గూడెం నుంచి బెల్టు షాపుకు, బెల్టు షాపు నుంచి వైన్స్‌కు, వైన్స్ నుంచి ఖజానాకు పోయిన డబ్బు. పోయే దారి పక్కాగా ఉంది. వచ్చే దారే లేదు.

అన్యాయం జరిగిందని ఎవరూ అనకుండా 2021లో మాకు ఒక న్యాయం కూడా చేశారు. తెలంగాణ మద్యం దుకాణాల్లో రిజర్వేషన్ పెట్టారు. గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం. సామాజిక న్యాయం అన్నారు. మాలో ఎవరి పేరు మీదనో లైసెన్సు ఉంటుంది, గల్లా పెట్టె దగ్గర వేరేవాడు కూర్చుంటాడు. ఏజెన్సీలో అందరికీ తెలిసిన సంగతే. సరే, బినామీ సంగతి పక్కన పెడదాం. నిజంగానే మా వాళ్లే యజమానులు అనుకుందాం. సారా అమ్మే హక్కులో 5 శాతం ఇచ్చిన ప్రభుత్వం, సారా మాన్పించే ఆసుపత్రిలో మాకు ఎన్ని మంచాలు ఇచ్చింది? మేం అడిగిన రిజర్వేషన్ చదువులో, కొలువులో, భూమిలో. దుకాణంలో కావాలని ఏ సభలో అడిగాం?

తాగడం మీ సంస్కృతే కదా అంటారు. ఈ మాట చదువుకున్నవాళ్లే ఎక్కువ అంటారు. దీనికి జవాబు చెప్పే ముందు కొంచెం చరిత్ర చెప్పాలి.

జీలుగు చెట్టు మాది, ఇప్పచెట్టు మాది. కొత్తల పండుగకు, కొలుపుకు, పెళ్లికి, చావుకు కల్లు, ఇప్పసారా ఉంటాయి. ముందు దేవుడికి, పెద్దలకు ఆరబోసి తర్వాత మనిషి తాగుతాడు. చెట్టు గీసే కాలం ఉంది, గీయని కాలం ఉంది. పువ్వు రాలే నెల ఉంది, రాలని నెలలున్నాయి. దానికి ఒక హద్దు ఉండేది. ఆ హద్దును చెరిపింది మేం కాదు. గోదావరి జిల్లా రంప కొండల్లో కల్లు మీద చిగురుపన్ను వేశారు. తర్వాత ఆంగ్లేయ ప్రభుత్వం కల్లును కాంట్రాక్టర్లకు గుత్తకిచ్చి, మా చెట్టును మేం మా ఇంటికి గీసుకోవడమే నేరం చేసింది. 1879లో రంప పితూరీ లేచిందంటే దాని వెనుక ఉన్న ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. కారం తమ్మన్నదొర వంటివాళ్లు తిరగబడింది తాగే హక్కు కోసమని కొందరు ఎగతాళిగా రాశారు. వాళ్లు తిరగబడింది మా చెట్టు మీద సర్కారు గల్లా పెట్టె పెట్టినందుకు.

స్వతంత్రం వచ్చాక ఆ సంగతి ప్రభుత్వానికీ అర్థమైంది, కనీసం కాగితం మీద. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపాలని, ఆదివాసులు తమ అవసరానికి ఇంట్లో కాచుకునేదాన్ని మాత్రం అనుమతించాలని 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1996లో పెసా చట్టం వచ్చింది. మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని అందులో రాసి ఉంది. ఇవాళ మా దగ్గర జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ఇప్పపువ్వు మూట మోసుకుపోతున్న ముసలామె మీద కేసు ఉంటుంది. బస్టాండు దగ్గర వైన్స్‌కు లైసెన్సు ఉంటుంది. ఇది మా సంస్కృతి అంటే ఎట్లా ఒప్పుకుంటాం? క్వార్టర్ సీసా ఏ కొలుపులోనూ మా దేవత అడగలేదు.

ఇక జబ్బు సంగతి. దీన్ని జబ్బు అని మేం కూడా చాలా కాలం అనుకోలేదు. సిగ్గు లేనోడు, పనికిరానోడు అనే అనుకున్నాం. మా తప్పు ఎంత ఖరీదైనదో ఒక చావు తర్వాత గానీ తెలియలేదు.

మా గూడెం మహిళా సంఘం ఒకసారి గట్టిగా నిలబడింది. తాగితే జరిమానా అని కట్టుబాటు చేసింది. రోజూ పొద్దున లేవగానే తాగితే గానీ చేయి కుదురుగా ఉండని వాడు ఒకడు, పిల్లల మీద ఒట్టు పెట్టి ఒక్కసారిగా మానేశాడు. మేమంతా మెచ్చుకున్నాం. మొదటి రోజు చెమటలు, వణుకు. రెండో రోజు ఫిట్స్. మూడో రోజు గోడ మీద పాములు పాకుతున్నాయని అరిచాడు, పెళ్లాన్ని గుర్తు పట్టలేదు. గాలి సోకిందన్నారు కొందరు. వడ్డెను పిలిపించాం. ఆ తర్వాత డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం. రోడ్డు మీదనే పోయాడు. తాగి చచ్చాడు అని ఊరు రాసుకుంది. నిజానికి అతను మానేసి చచ్చాడు.

తర్వాత ఒక డాక్టరు మాకు వివరించాడు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగిన ఒంటికి మద్యం హఠాత్తుగా అందకపోతే మెదడు అదుపు తప్పుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. దీనికి మందు ఉంది. డయాజిపామ్ లాంటి మాత్రలు మొదలుపెట్టి, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా ఒక వారం పాటు తగ్గించుకుంటూ పోవాలి. బి1 విటమిన్ ఇవ్వాలి, అది కూడా గ్లూకోజ్ ఎక్కించే ముందే ఇవ్వాలి. ఇవేవీ విదేశాల నుంచి తెప్పించే మందులు కావు. చవక మందులు. ఆ వారం గడిచాక అసలు పని మొదలవుతుంది. మళ్లీ తాగాలన్న తహతహను తగ్గించే మందులు, నెలల తరబడి మాట్లాడే మనిషి, ఇంటి వాళ్లకు ధైర్యం చెప్పే మనిషి కావాలి. అంటే ఒక మంచం, ఒక వారం, కొన్ని మాత్రలు, ఆ తర్వాత ఏడాది పాటు పలకరించే ఒక మనిషి. మా వాడి ప్రాణం ఖరీదు ఇంతే.

ఇప్పుడు డిపార్ట్‌మెంట్ల దగ్గరికి మళ్లీ వద్దాం.

వైద్యశాఖను అడిగితే జిల్లా ఆసుపత్రికి పొమ్మంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే రోగాలను కూడా మానసిక రోగాల్లోనే చేర్చింది. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల్లో చికిత్స పొందడం హక్కు అన్నది. కనీస సేవలు జిల్లాలో లేకపోతే జిల్లాలోని వేరే చోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలని కూడా అన్నది. గ్రామ ఆరోగ్య ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చినప్పుడు చెప్పిన 12 రకాల సేవల్లో మానసిక, వ్యసన సంబంధ జబ్బులు కూడా ఉన్నాయి. బోర్డు మారింది, రంగు మారింది. ఈ సేవ మా ఉపకేంద్రంలో ఏ అలమరలో ఉందో ఏఎన్ఎం అమ్మకు కూడా తెలియదు. పాపం, ఆమెకు ఎవరు నేర్పారు?

సామాజిక న్యాయశాఖను అడిగితే వ్యసన విముక్తి కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు నిధులిస్తున్నాం అంటారు. 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అభియాన్ మొదలైంది. మా ఆశ్రమ పాఠశాల పిల్లలు ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేస్తారు, ఫొటో దిగుతారు. ఆ ర్యాలీ వైన్స్ ముందు నుంచే పోతుంది. ఫోన్ చేయమని నెంబర్లు ఇచ్చారు, 14446 అని, 14416 అని. మంచివే, చేయండి. కానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊరికి ఫోనే చికిత్స అంటే ఎట్లా?

ఈ మాటలన్నీ మా ఏజెన్సీ కోపంతో అంటున్నవని అనుకోవద్దు. ప్రభుత్వం కోసమే ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందిందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరేనని అది చెప్పింది. ఆసుపత్రులున్న పట్టణాలను కలుపుకుంటేనే దేశం లెక్క ఇది. ఇక అడవి లెక్క మీరే ఊహించుకోండి.

చివరికి పంచాయతీని అడుగుదాం. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వాటిలో ఉన్నాయి. బాధ్యత రాసిపెట్టారు, మరి నిధులు? 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికే 70,051 కోట్లు కేటాయించింది. ఉపకేంద్రాల భవనాలకు, పరీక్షల సామగ్రికి, బ్లాకు స్థాయి ప్రజారోగ్య యూనిట్లకు పద్దులున్నాయి. వ్యసన చికిత్సకు విడిగా పద్దు లేదు. పంచాయతీకి వచ్చే మామూలు గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేశారు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. అంటే మా సర్పంచు కావాలంటే ఆసుపత్రి గోడకు సున్నం వేయించగలడు. ఆ ఆసుపత్రిలో కౌన్సెలర్‌ను పెట్టలేడు. వ్యసన చికిత్సలో తొంభై పాళ్లు మనిషే. ఆ మనిషికి జీతం ఇవ్వొద్దన్న తర్వాత ఇంకేం ఇచ్చినట్టు?

నిషేధం పెడితే సరిపోతుంది కదా అని మాలోనే కొందరు అంటారు. వాళ్లతో మాకు పోట్లాట లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం మాకు గౌరవమే. 1992లో వాళ్లు లేచారు, 1993లో సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో పోయింది. వచ్చినప్పుడూ పోయినప్పుడూ ఖజానా గురించే చర్చ. వణికే చేతుల గురించి ఎవరు చర్చించారు? ఇంకో ఉదాహరణ మాకు మరీ దగ్గరిది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ మా చుట్టాలున్నారు, మా భాషే మాట్లాడతారు. ఆ జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. అయినా 2016లో అక్కడి ప్రభుత్వం, సెర్చ్ సంస్థ, టాటా ట్రస్టులు కలిసి ముక్తిపథ్ అనే కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చింది. తాలూకా కేంద్రాల్లో క్లినిక్కులు, ఊళ్లలో చికిత్స శిబిరాలు పెట్టారు. 23 ఏళ్ల నిషేధం తర్వాత కూడా చికిత్స కావాల్సి వచ్చిందంటే అర్థం ఏమిటి? దుకాణం మూయడం సగం పని. రెండో సగం ఆసుపత్రి. నది అవతల చేయగలిగింది నది ఇవతల ఎందుకు చేయలేరు?

గంజాయి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాడేరు వైపు మా పిల్లలు మూట మోసినందుకు జైళ్లలో ఉన్నారు. పండించమని పెట్టుబడి పెట్టినవాడు, మైదానంలో అమ్మినవాడు చాలాసార్లు బయటనే ఉంటాడు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని వేల ఎకరాల తోటలు నరికారు. నరకడానికి బలగాలున్నాయి, డ్రోన్లున్నాయి. మంచిదే, నరకండి. కానీ మోసిన పిల్లవాడే తాగడం కూడా నేర్చుకున్నాడు. 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే 71వ సెక్షన్ చికిత్స కేంద్రాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తనంతట తానే చికిత్సకు వచ్చిన బానిసకు, చిన్న మొత్తంతో దొరికిన కేసులో విచారణ నుంచి రక్షణ ఇస్తామని 64ఎ సెక్షన్ అన్నది. చికిత్స కేంద్రమే దగ్గరలో లేనప్పుడు ఆ రక్షణ మా పిల్లవాడికి ఎట్లా దక్కుతుంది? చట్టంలో రెండు తలుపులున్నాయి. మాకు జైలు తలుపే తెరిచారు.

పంచాయతీకి డబ్బిస్తే తినేస్తారు అంటారు. తినేవాళ్లున్నారు, కాదనం. ఓట్లప్పుడు సీసాలు పంచేవాళ్లు మాలోనూ ఉన్నారు, వేలిముద్రలు వేయించి తీర్మానం అమ్ముకున్న పెద్దలూ ఉన్నారు. మా రాతల్లో అడవి గురించి, జాతర గురించి ఎంతో రాసుకున్నాం. మన ఇంట్లో పడిపోయిన అన్న గురించి రాయడానికి మేమూ సిగ్గుపడ్డాం. కానీ ఒక్క సంగతి చెప్పండి. తినేస్తారని రోడ్ల కాంట్రాక్టులు ఆపారా? చెక్‌డ్యాములు ఆపారా? మంచానికి, మాత్రకు వచ్చేసరికే మా నిజాయితీ గుర్తొస్తుందా?

అందుకే మేం అడిగేది జాలి కాదు. లెక్క అడుగుతున్నాం.

ఒకటి. మా మండలంలోని దుకాణాల మీద వచ్చిన దరఖాస్తు ఫీజు, లైసెన్సు ఫీజుల్లో పదో వంతు ఆ మండలం గ్రామసభలకే రావాలి. చికిత్సకు తప్ప దేనికీ వాడకూడదు. మనిషి జీతానికి వాడుకునే వీలు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మద్యం విధానంతో పాటు మాదకద్రవ్యాల పునరావాసం పేరిట 2 శాతం సెస్ పెట్టారు. ఆ సెస్ ఎంత వచ్చింది, ఏజెన్సీ మండలాలకు ఎంత చేరింది, ఊరూరా బోర్డు మీద రాయాలి.

రెండు. ప్రతి ఐటీడీఏ పరిధిలోని పెద్దాసుపత్రిలో పది మంచాల వార్డు కావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాన్పించడం నేర్చుకున్న ఒక డాక్టరు, ఆ మాత్రలు, ఆ బి1 ఇంజక్షన్లు ఏడాది పొడుగునా ఉండాలి. గిరిజన ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది. బొగ్గు తవ్విన చోట జిల్లా ఖనిజ నిధి ఉంది, వైద్యం దాని ప్రాధాన్య అంశాల్లో ఒకటి. డబ్బు లేదన్న మాట ఇక వద్దు.

మూడు. మానేసి నిలబడిన మా మనిషికే జీతమిచ్చి, మా మనిషిని పలకరించే పని అప్పగించాలి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో మాట్లాడేవాడు కావాలి. తెలుగులో తిట్టేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

నాలుగు. ఈ లెక్క చూసే కమిటీలో సగానికి పైగా ఆడవాళ్లుండాలి. ఆరు నెలలకోసారి గ్రామసభలో లెక్క చదవాలి. చికిత్స లేని మండలంలో కొత్త దుకాణానికి తీర్మానం అడగకూడదు.

మాలో ఇది చదువుతున్న అక్కలకు, అన్నలకు, సర్పంచులకు, వార్డు మెంబర్లకు ఒక మాట. రోజూ తాగే మనిషిని ఒట్టు పెట్టించి ఇంట్లో కట్టేయకండి. వణుకు, ఫిట్స్ వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. ఇంకో మాట. ఈసారి ఆఫీసరు టైపు చేసిన కాగితంతో వచ్చినప్పుడు మన కాగితం కూడా సిద్ధంగా ఉంచుకుందాం. వార్డు ఎక్కడ, మందు ఎక్కడ, మనిషి ఎక్కడ, మా పదో వంతు ఎక్కడ అని అందులో రాసుకుందాం. ముందు ఆయన దాని మీద సంతకం పెట్టాలి.

అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా అని మళ్లీ అంటే, మా ముసలమ్మ దగ్గర ఈసారి జవాబుంది. "మీది కాకపోతే మాదే. డిపార్ట్‌మెంట్ మాది, పైసలు గూడ మావే. మా పైసలు మాకియ్యుండ్రి, మా పిల్లలను మేం బతికించుకుంటం."